ఊరంతటికీ ఒకే వేలిముద్ర

కిందటి వారం మహాలక్ష్మిని మనం ఎక్కడ కూర్చోబెట్టి వచ్చామో గుర్తుందా? సూళ్లూరుపేటలో, ఊళ్ళకు హాళ్ళు కట్టించే మద్రాసు ఫౌండేషన్ వాళ్ళు అద్దెకు తీసుకున్న రెండు గదుల ఆఫీసులో, ఫ్యాను గాలి తగలని కుర్చీలో. పులికాటు ఒడ్డునున్న దొరువుకుప్పానికి ఒక కమ్యూనిటీ హాలు గ్రాంటు తెద్దామని పదహారు నెలలుగా ఆమె తిరగని ఆఫీసు లేదు. దరఖాస్తు తెలుగులో ఉందని ఒకసారి తిప్పి పంపారు. ఇంగ్లీషులో రాయించి తెస్తే స్థలం పటం లేదన్నారు. పటం తెస్తే పాతదన్నారు. కొత్తది తెస్తే నీటి అంచు నుంచి ఎన్ని మీటర్లో రాయలేదన్నారు. చెప్పులు అరిగాయి, రెండు గొడుగులు బస్సుల్లో పోయాయి. చివరికి "అన్నీ సరిపోయాయి, ఇక మంజూరు కాగితం రావడమే" అంటే ఊరంతా మిఠాయి పంచుకున్నారు. నాలుగో రోజే ఫోను వచ్చింది, ఉన్నపళంగా రమ్మని. పరుగున వచ్చి కూర్చున్న మహాలక్ష్మి ముందుకు ఫీల్డాఫీసరు విజయభాస్కర్ ఫైలు జరిపి, "మీరే చూడండి" అన్నాడు. అక్కడ ఆగాం.

ఫైల్లో ఉన్నవి తొమ్మిది కాగితాలు. దొరువుకుప్పంలో పద్దెనిమిదేళ్ళు నిండిన రెండు వందల పద్నాలుగు మంది పేర్లు, ఒక్కో పేరు ఎదురుగా ఒక గడి. ఊరి ఉమ్మడి స్థలమైన తూర్పుదిబ్బను హాలుకు ఇవ్వడం నాకు సమ్మతమేనని ప్రతి మనిషీ ఆ గడిలో సంతకమో వేలిముద్రో పెట్టాలి. రెండు వందల పద్నాలుగు గళ్ళలోనూ నీలిసిరా వేలిముద్రలు ఉన్నాయి. ఒక్కటి కూడా గీత దాటలేదు, ఒక్కటి కూడా చెదరలేదు.

"బాగానే ఉండాయి గదా సార్?" అంది మహాలక్ష్మి.

"మరీ బాగున్నాయమ్మా. మీ ఊళ్ళో సంతకం చెయ్యడం వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరా?"

ఎందుకు లేరు, అనుకుంది మహాలక్ష్మి. తను నాయుడుపేటలో డిగ్రీ చదివింది. భర్త శివ పది పాసయ్యాడు. కుర్రకారంతా ఫోన్లలో మెసేజీలు కొట్టుకుంటూనే ఉంటారు.

విజయభాస్కర్ తన ఫోనులో ఒక ముద్రను ఫొటో తీసి పెద్దది చేసి చూపించాడు. ముద్ర మధ్యలో అడ్డంగా ఒక తెల్లటి గీత ఉంది. ఇంకో కాగితంలోని ముద్ర చూపించాడు. అదే గీత. మూడోదీ అంతే. "మద్రాసులో మా వాళ్ళు కూర్చుని అన్నీ చూశారు. రెండు వందల పద్నాలుగు మందికీ ఒకే చోట ఒకే మచ్చ ఉండదు కదమ్మా. ఇది ఒక్క మనిషి వేలు."

ఆ గీతను మహాలక్ష్మి ఎక్కడైనా గుర్తుపడుతుంది. పీత కొరికిన మచ్చ అది. చిన్నప్పుడు ఒడ్డున పీతలబుట్టలో తను చెయ్యి పెట్టబోతే అడ్డంగా వేలు పెట్టి కొరికించుకున్న మనిషిది. మేనమామ గంగులయ్యది. దొరువుకుప్పానికి ఊరిపెద్ద ఆయనే.

"చివరి పేజీ చూడండి," అన్నాడు విజయభాస్కర్, పాపం, ఆయన గొంతులోనూ విసుగే ఉంది. ఈ ఫైలు కోసం మద్రాసులో ఆయనా తిట్లు తిన్నవాడే. "'పై వారందరూ నా కళ్ళెదుట ముద్రలు వేసినారు.' కింద సంతకం మీది. రూలు ప్రకారం నేను పోలీసులకు రాయాలి. రాయలేదు. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకు ట్రస్టీలు కూర్చుంటారు. ఆలోపు కొత్త కాగితాలు తెండి. ఎవరి వేలు వాళ్ళది. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఈ హాలు ఇంకో ఊరికి పోతుంది, మీ మీద కంప్లయింటు నేను ఆపలేను."

ఆ రోజు బుధవారం. మహాలక్ష్మి పాత కాగితాల జిరాక్సూ కొత్త ఫారాలూ సంచిలో పెట్టుకుని మెట్లు దిగింది. ఆ చివరి పేజీ మీద తను ఎప్పుడు సంతకం పెట్టిందో గుర్తుంది. సర్వేయరు నాయుడుపేటలో దొరుకుతాడంటే పొద్దున్నే బస్సెక్కుతూ, ఒక కాలు ఫుట్‌బోర్డు మీద ఉండగా, మోకాలి మీద కాగితం పెట్టి చేసింది. "నువ్వు చేసిచ్చి పో అమ్మే, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు మామ. చూసుకున్నాడు! ఎంత బాగా చూసుకున్నాడు! ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. షేరాటో ఎక్కి నేరుగా ఒడ్డుకే పోయింది.

గంగులయ్య ఒడ్డున తాటాకుల పందిట్లో వల చిరుగులు కుట్టుకుంటున్నాడు. డెబ్బైకి దగ్గర పడినా మనిషి నిటారుగా కూర్చుంటాడు. మేనకోడల్ని చూడగానే ముఖం వెలిగిపోయింది.

"వచ్చినావా అమ్మే! కాగితం చేతికిచ్చినారా?"

"మామా, ఆ గళ్ళల్లో వేళ్ళు ఎవురు పెట్టినారు?"

"ఎవురేంది? నేనే."

దాచుకోలేదు, తడబడలేదు. అన్నం తిన్నావా అంటే తిన్నానన్నట్టు చెప్పాడు.

"అన్నీనా?"

"అన్నీ నేనే. పొద్దున కూర్చుంటే పొద్దుగూకింది. ఒకటి పెట్టేది, గుడ్డతో తుడుచుకునేది, మళ్ళీ ఒకటి పెట్టేది. మధ్యలో సిరా అయిపోతే మీ శివను పేటకు పంపించి ఇంకో డబ్బీ తెప్పించినా. వేలు వాచింది గానీ ఒక్కటైనా చెదిరిందా చెప్పు?"

శివకు కూడా తెలుసన్న మాట. మొగుడు సిరాడబ్బీ తెచ్చి ఇచ్చాడు, ఇంటికొచ్చి చేపలపులుసు తిని పడుకున్నాడు, ఒక్క ముక్క చెప్పలేదు.

"ఎందుకు మామా? ఎవురు చెయ్యమన్నారు నిన్ను?"

"నువ్వే గదా చెప్పినావు, ఊరు ఒప్పుకున్నట్టు వేలు కావాలని? ఊరు ఒప్పుకునింది. నేను వేలు పెట్టినా. దానికింత మొహం ఎందుకు పెట్టినావు?"

ఇక్కడ మీకొక మాట చెప్పాలి, లేకపోతే గంగులయ్యను మీరు తప్పుగా అనుకుంటారు. ఈ ఒడ్డున జాలరి కుప్పాల్లో దురాయి అని ఒకటుంది. ఊరంతా కట్టుబడే మాట. ఏ రోజు ఎవరు ఏ నీళ్ళలో వల వెయ్యాలి, ఏ పండక్కి వేట మానాలి, అన్నీ ఊరు కూర్చుని తేల్చుకుంటుంది. ఊరిపెద్ద లేచి "ఒప్పేనా" అని మూడుసార్లు అడుగుతాడు. ఎవరూ కాదనకపోతే అది దురాయి. ఆ తర్వాత కాదన్నవాడి ఇంటికి నిప్పూ నీళ్ళూ ఉండవు, పలకరించే దిక్కుండదు. హాలు సంగతి కూడా అట్లాగే తేలింది. తేలిన మాట గంగులయ్య నోట ఉంది. మాట ఆయన నోట ఉన్నప్పుడు వేలు మాత్రం ఆయనది ఎందుకు కాకూడదు? ఆయన లెక్క అది. ఆ పెద్దమనిషి మోసం చెయ్యలేదు, గౌరవంగా ఒక రోజంతా కూర్చుని ఊరి పని చేశాడు.

ఈ లెక్క విజయభాస్కర్‌కు చెప్పి చూడండి!

"ఎవురి వేలు వాళ్ళు పెట్టాల మామా! అందుకే గదా అన్ని గళ్ళు గీసింది?"

"తుఫాను బియ్యం వచ్చినప్పుడు మా నాయన ఒక్క వేలు పెడితే ఊరంతటికీ లారీ దిగింది. ఆరోజు ఎవురూ పెద్దవి చేసి చూడలే."

"ఆరోజు వేరు. ఇప్పుడు దీన్ని దొంగముద్రలు అంటారు. పోలీసోళ్ళకు రాస్తామంటా ఉండారు."

గంగులయ్య చేతిలోని వల కింద పెట్టాడు. పందిట్లో ఉన్న నలుగురు పెద్దలూ తలెత్తి చూశారు. ఆయన లేచి నిలబడి, పంచె సర్దుకుని, నెమ్మదిగా అడిగాడు. "ఎవురు దొంగ?"

"మామా, నేను అనలే..."

"నువ్వే అన్నావు. ఇప్పుడే అన్నావు. నా అరవై తొమ్మిదేళ్ళలో పక్కోడి వలలో చేప ముట్టుకోలేదు నేను. దొంగముద్రా?"

"కేసయితే నా మీద అవుతుంది, నీ మీద కాదు!" మహాలక్ష్మి గొంతు పెరిగింది. ఊళ్ళో ఆ పందిట్లో ఆడమనిషి గొంతు అంత పైకి లేవడం అదే మొదలు. "అందరూ నా కళ్ళెదుట పెట్టినారని అడుగున సంతకం చేసింది నేను. పదహారు నెలలు మామా! బిడ్డను వదిలిపెట్టి తిరిగినా. పడిగాపులు కాసినా. ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు నీ చేతిలో పెట్టి పోతే ఇట్ట చేస్తివే!"

గంగులయ్య ఆమె ముఖంలోకి చూశాడు. "నీ ఎదురుగా పెట్టినారా?"

"లేదు."

"మరి పెట్టినారని ఎట్ట సంతకం చేసినావు?"

గంగులయ్య జవాబు కోసం ఆగలేదు.

"నేను ఊరి మాట చెవులారా విని వేలు పెట్టినా అమ్మే. నువ్వు చూడనిది చూసినానని చేసినావు. ఇందులో దొంగెవురో ఆ సారునే అడుగు."

తల మీద మొట్టికాయ వేసినట్టయింది మహాలక్ష్మికి. ఆయన చెప్పింది నిజమే, అదే ఆమెకు మరీ కోపం తెప్పించింది. సంచిలోంచి కొత్త ఫారాలు తీసి ఆయన ముందు ఊపింది. "అయితే ఇప్పుడు చూస్తా. ఇల్లిల్లూ తిరిగి, ఒక్కొక్కరి చేతా నా కళ్ళెదుట పెట్టిస్తా."

పందిట్లో ఎవరో నాలుక కరుచుకున్నారు. దురాయి అయిపోయిన మాటను మళ్ళీ ఇంటింటికీ పోయి అడగడమంటే ఊరిపెద్ద మాట చెల్లలేదని చాటింపు వేసినట్టే. గంగులయ్యకు చెంపలు అదిరాయి.

"పో," అన్నాడు. "తిరుగు. ఒక్కరు కాదనరు. ఇంటింటికీ పోయి అడుగు, ఒక్కరు కాదన్నా రేపటి నుంచి ఈ ఊరికి పెద్దను నేను కాదు. ఈ పందిట్లో కూర్చోను. మీరందరూ విన్నారుగా?"

విన్నారు. అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు ఆయనకు లేదని కూడా వాళ్ళందరికీ తెలుసు.

ఆ మధ్యాహ్నం నుంచి మహాలక్ష్మి పడిన అవస్థ పగవాళ్ళకు వద్దు. ముందు ఇంటికి పోయి శివను పట్టుకుంది. "సిరాడబ్బీ తెచ్చినావంటనే? నాకు చెప్పాలనిపించలేదా?" అంటే, "నువ్వు అడగలేదు గదా" అన్నాడు. ఆ మాటకు ఏం చెయ్యాలో తెలియక మొదటి సంతకం అతనిచేతే పెట్టించుకుని బయటపడింది. తన గడి మాత్రం వదిలేసింది. ఊరి సొసైటీ కార్యదర్శిని కదా, అందరిదీ అయ్యాక ఆఖర్న పెట్టుకుందామనుకుంది.

ప్రతి గడపలోనూ అదే ప్రశ్న. "మామ పెట్టేసినాడు గదా, మళ్ళీ ఎందుకు?" ఒక ముసలాయన, పాత వేలు చెల్లకపోవడానికి దానికేమన్నా గడువుందా అని అడిగాడు. ఇంకో ఇంట్లో వేలు పెట్టేముందు సిరాకు పసుపు రాయాలన్నారు. మూడో ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఎవరు ముందు పెట్టాలో తేల్చుకోలేక పొట్లాడుకున్నారు. పెన్ను రాయనంది. ఒక కోడి ఫారం మీద నుంచి నడిచిపోయింది, ఆ కాగితం మళ్ళీ మొదట్నుంచి రాయించాల్సి వచ్చింది. సాయంత్రం వేటకు పోయే మగవాళ్ళను పడవ దగ్గర పట్టుకుంది. దొరకనివాళ్ళను గురువారం పొద్దున వాళ్ళు ఒడ్డుకు రాగానే, తడిచేతులు తన కొంగుతోనే తుడిచి పెట్టించింది.

ఆడవాళ్ళ దగ్గరే కాస్త తేడాగా ఉంది. వాళ్ళూ పెడుతున్నారు. కానీ పెట్టేముందు సిరావైపు కాకుండా తూర్పుదిబ్బవైపు చూస్తున్నారు. రేవతి చంకలో బిడ్డతో వచ్చింది. ఏడాదిన్నర కిందటి వాయుగుండంలో తొడల్లోతు నీళ్ళలో రెండు కిలోమీటర్లు నడిచి, పక్కూరి బడి వరండాలో ఆ బిడ్డను కనింది. హాలు కట్టాలని మహాలక్ష్మి పట్టుపట్టింది ఆ పొద్దే. గట్టి గోడలతో, ఎత్తు మీద, నీళ్ళు రాని చోట ఒక్క గది. ఊళ్ళో ఎత్తంటూ ఉన్నది ఆ దిబ్బ ఒక్కటే.

"అక్కా, ఇది పెడితే దిబ్బ మొత్తం పోతుందా?" అని అడిగింది రేవతి.

"ముందు పెట్టు రేవతీ, తర్వాత మాట్లాడుకుందాం. నాకింకా నలభై ఇళ్ళున్నాయి."

రేవతి పెట్టింది. ఆదిశేషమ్మ అయితే వేలు సిరాలో ముంచి ఆగింది. "మీ మామ పెట్టమన్నాడా?" "పెట్టమన్నాడు." "కాదంటే ఏమవుతుంది?" "ఎందుకంటావు పెద్దమ్మా, వేలు ఆరిపోతా ఉంది, పెట్టు!" ఆదిశేషమ్మ పెట్టి, లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. మహాలక్ష్మికి ఆ తలుపు గురించి ఆలోచించే తీరిక లేదు.

గురువారం ఎండ వాలేసరికి రెండు వందల పన్నెండు గళ్ళు నిండాయి. ఒళ్ళంతా పులిసిపోయినా ఆమెకు ప్రాణం లేచొచ్చింది. మిగిలింది తనదీ, తన తల్లి చెంచమ్మదీ. అమ్మే కదా అని చివరికి పెట్టుకుంది.

చెంచమ్మ దిబ్బ మీద నెత్తళ్ళు తిరగేస్తోంది. దిబ్బ నిండా పరిచిన పాత వలల మీద వెండిరంగు చేపలు ఎండుతున్నాయి. ఇంకో పది మంది ఆడవాళ్ళ చేపలూ, రొయ్యలూ అక్కడే. వేట మగవాళ్ళది, ఎండబెట్టి, బుట్టకెత్తి, పేట సంతలో అమ్ముకోవడం ఆడవాళ్ళది. మధ్యలో మగవాడి పెత్తనం లేని పని దొరువుకుప్పంలో అదొక్కటే. మహాలక్ష్మి డిగ్రీ చదువుకున్నది ఆ నెత్తళ్ళ మీదే.

"అమ్మా, చెయ్యి కడుక్కుని రా. వేలు పెట్టాల."

"పెట్టను," అంది చెంచమ్మ, చేపలు తిరగేస్తూనే.

మహాలక్ష్మి నవ్వింది. "ఎగతాళికి టైము కాదమ్మా. పొద్దున్నే మొదటి బస్సుకు పోవాల."

"ఎగతాళి కాదు. పెట్టను."

నవ్వు ఆగిపోయింది. "హాలు వద్దా నీకు?"

"హాలు వద్దని ఎవురన్నారు? రేవతి కనేప్పుడు వరండాలో చీర అడ్డం పట్టుకుని నిలబడింది నేనే. చేతులు లాగేసినాయి. హాలు కావాల. కానీ ఈడ కడితే ఇవి యాడ ఆరబెట్టాల?"

"మేడ మీద ఆరబెట్టుకోవచ్చమ్మా. మెట్లు కూడా ఉండాయి ప్లాన్లో."

"నా మోకాళ్ళు ఉండాయా మీ ప్లాన్లో?" చెంచమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచింది. "తట్ట నెత్తిన పెట్టుకుని రోజుకు పదిసార్లు ఎక్కి దిగాలా? ఆదిశేషమ్మ ఎక్కుతుందా? ఆ మేడకు తాళం ఎవురి దగ్గర ఉంటుంది? మీ మామ దగ్గరే గదా?"

"అయితే మీటింగులో చెప్పాల్సింది గదా! అన్నీ అయిపోయినాక ఇప్పుడా?"

"ఏ మీటింగు? మగోళ్ళు పందిట్లో కూర్చున్నారు. మేము ఈడ చేపలు తిరగేస్తా ఉండాం. మా అన్న మూడుసార్లు అడిగినాడంట, ఎవురూ కాదనలేదంట. మమ్మల్ని అడిగితే గదా కాదనేది?"

"నేను ఉన్నాను గదా ఆడ!"

"అదే మేమూ అనుకునింది. లచ్చిమి ఉందిలే, చెప్తుందిలే అని." చెంచమ్మ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నువ్వు చెప్పలేదు. చెప్పడానికి నీకు తెలిస్తే గదా? నీతో మాట్లాడదామంటే నువ్వు ఊళ్ళో ఎప్పుడున్నావు? ఎప్పుడు చూసినా బస్సులోనే ఉండావు. అంతెందుకు, ఈ వేలు పెట్టించేప్పుడు ఆదిశేషమ్మ ఏందో అడగబోతే వేలు ఆరిపోతా ఉంది పెట్టు అన్నావంటనే?"

మహాలక్ష్మి ముఖం ఎర్రబడింది. ఆ మాట తన నోటి నుంచే వచ్చింది. పందిట్లో తను మొదటిసారి మగవాళ్ళ మధ్య కూర్చున్న రోజు ఎంత గర్వపడిందో కూడా గుర్తొచ్చింది. ఆ రోజు వెనక్కి తిరిగి దిబ్బవైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"ఊరంతా పెట్టినారమ్మా," అంది నీరసంగా. "నువ్వొక్కదానివే."

"పెడతారు. వెలేస్తారని భయం."

"నీకు లేదా భయం?"

"ఎందుకు లేదు? మా అన్నకు నేను ఎదురు చెప్పిందే లేదు పుట్టిన కాడినుంచి. కానీ ఇన్నాళ్ళకు గడప దాకా వచ్చి నువ్వేమంటావని నన్ను అడిగినారు గదా. అడిగినప్పుడు కూడా చెప్పకపోతే ఇంకెప్పుడు చెప్పేది?"

"అమ్మా, నువ్వు పెట్టకపోతే మామ పెద్దరికం పోతుంది. హాలు పోతుంది. నా మీద కేసు పెడతారు. నీ కూతుర్నమ్మా నేను!"

చెంచమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని, కూతురి సంచి వైపు చెయ్యి చూపించింది. "ఆ పాత కాగితాలు ఉండాయా నీ దగ్గర? మా అన్న పెట్టినవి?"

"జిరాక్సు ఉంది. ఎందుకు?"

"నీ పేరు ఎదురుగా ఏముందో చూడు."

రెండు రోజులుగా ఆ కాగితాలు మోస్తూ, అందరి గళ్ళూ చూసింది గానీ మహాలక్ష్మి తన గడి చూసుకోలేదు. ఇప్పుడు ఇసుకలో కూర్చుని తొమ్మిది కాగితాలూ తిప్పింది. ఏడో కాగితంలో, పైనుంచి నాలుగో వరసలో ఉంది తన పేరు. పక్కన గడిలో వేలిముద్ర. ముద్ర మధ్యలో అడ్డంగా తెల్లటి గీత.

సొసైటీ కార్యదర్శి. డిగ్రీ చదివింది. మూడు భాషల్లో సంతకం చెయ్యగలదు. పదహారు నెలలు ఈ కాగితాల కోసమే తిరిగింది. దిబ్బ ఇవ్వడం నీకు ఇష్టమేనా అని ఆమెను కూడా ఎవరూ అడగలేదు. అడగాలని మామకు తోచలేదు. అంతకన్నా అన్యాయం, అడగలేదని ఇప్పటిదాకా ఆమెకూ తోచలేదు. విజయభాస్కర్ మీద, మామ మీద, శివ మీద, కోడి మీద కూడా రెండు రోజులుగా వచ్చిన కోపమంతా ఇప్పుడు తన మీదికే తిరిగింది. ఆ కాగితాన్ని ఒడిలో పెట్టుకుంది.

"నిన్ను నేను అడుగుతా ఉండా," అంది చెంచమ్మ పక్కన కూలబడుతూ. "నీకు ఇష్టమేనా?"

జవాబు చెప్పే లోపలే ఇసుకలో అడుగుల చప్పుడు వినిపించింది. గంగులయ్య దిబ్బ ఎక్కుతున్నాడు. ఉతికిన పంచె కట్టుకున్నాడు, భుజాన కొత్త కండువా. వెనక పందిట్లో ఉండే పెద్దలు నలుగురు. వాళ్ళ వెనక, కాస్త దూరంలో, రేవతి, ఆదిశేషమ్మ, ఇంకా కొంతమంది ఆడవాళ్ళు ఎందుకొచ్చారో తెలియనట్టు నిలబడ్డారు.

"ఏం అమ్మే, అయిపోయిందా?" గంగులయ్య గొంతు ఖంగుమంది. "ఎంతమంది పెట్టినారు?"

మహాలక్ష్మి లేచి నిలబడింది. "రెండు వందల పన్నెండు మామా."

"చెప్పినానా లేదా!" ఆయన పెద్దలవైపు తిరిగి నవ్వాడు. అప్పుడు లెక్క తట్టింది. నవ్వు కొద్దిగా తగ్గింది. "పన్నెండేంది? పద్నాలుగు గదా?"

"రెండు ఖాళీ."

గంగులయ్య చెల్లెలివైపు చూశాడు. చెంచమ్మ చేపల వాసన కొట్టే చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది, తల మాత్రం దించలేదు. అన్నాచెల్లెళ్ళు ఒకరినొకరు అట్లా చూసుకోవడం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఆయన భుజం మీది కండువా తీసి చేతిలోకి తీసుకున్నాడు. ఈసారి గొంతు అంత పైకి లేవలేదు.

"ఒకటి చెంచమ్మది. రెండోది ఎవురిది?"

ఆడవాళ్ళు ఇంకో రెండడుగులు ముందుకు వచ్చారు. మహాలక్ష్మి తన గడిలో సంతకానికని తెచ్చుకున్న పెన్నుకు మూత పెట్టింది.